విదేశీ యూనివర్సిటీకి జీఆర్‌ఈ, టోఫెల్ స్కోర్లు పంపేటప్పుడు చూసుకోవాల్సినవి: తిరుపతి, చిత్తూరు పిల్లల కోసం

జీఆర్‌ఈ (పీజీ అడ్మిషన్ కోసం రాసే పరీక్ష) రాసేశాం, టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) కూడా అయిపోయింది, ఇంక అప్లికేషన్ ఫీజు కట్టి కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. స్కోరు తెచ్చుకోవడం ఒక పని. ఆ స్కోరు మీరు అప్లై చేసిన కోర్సులో, మీ ఫైల్లో, మీ పేరు కిందే, గడువు దాటకుండా పడేలా చూసుకోవడం ఇంకో పని. ఈ రెండో పని గురించి కోచింగ్ సెంటర్లో పెద్దగా చెప్పరు, కన్సల్టెన్సీలో అయితే "అది మేం చూసుకుంటాంలే" అంటారు. నా మాట వినండి, దీన్ని ఎవరికీ అప్పజెప్పకండి. లాగిన్ మీది, స్కోరు మీది, అది చేరిందో లేదో చూసుకోవాల్సిందీ మీరే. పుత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి, కుప్పం నుంచి వచ్చి తిరుపతిలో ఉండి ప్రిపేర్ అయ్యే పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఇవన్నీ తెలిసినవాళ్ళు ఉండరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఎక్కువగా అమెరికాలో ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను, మిగతావాళ్ళకు పనికొచ్చేవి మధ్యమధ్యలో వస్తాయి.

మొట్టమొదట కోర్సు పేజీ చదవండి

యూనివర్సిటీ మెయిన్ పేజీ చాలదు. మీరు చేరబోయే డిపార్ట్‌మెంట్ పేజీ, అందులో మీ కోర్సు అడ్మిషన్ పేజీ, దాంతోపాటు గ్రాడ్యుయేట్ స్కూల్ (యూనివర్సిటీ పీజీ విభాగం) పేజీ, మూడూ తెరిచి చదవాలి. ఒకే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ వాళ్ళు జీఆర్‌ఈ అడుగుతారు, పక్కనే ఉన్న డేటా సైన్స్ వాళ్ళు అడగరు. ఫ్రెండు చెప్పాడని, పోయినేడు సీనియర్ అలా చేశాడని నమ్మొద్దు, నియమాలు ఏటేటా మారుతున్నాయి.

చదివేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది, అసలు ఆ స్కోరు వాళ్ళకు కావాలా వద్దా అని. కచ్చితంగా కావాలి అనేవాళ్ళు ఒక రకం. ఇస్తే చూస్తాం, ఇవ్వకపోయినా పర్వాలేదు అనేవాళ్ళు ఇంకో రకం. ఇచ్చినా చూడం అనేవాళ్ళు మూడో రకం, వీళ్ళకు పంపితే డబ్బు దండగ. రెండో రకం దగ్గరే టెన్షన్ అంతా. అక్కడ నా లెక్క ఇది: ఆ కోర్సులో చేరినవాళ్ళ సగటు స్కోరు పేజీలో ఇచ్చి ఉంటే, మీది దానికి దగ్గరలో గానీ పైన గానీ ఉంటే పంపండి, బాగా కిందుంటే పంపొద్దు. మీ బీటెక్ పర్సంటేజీ తక్కువగా ఉండి క్వాంట్‌లో (జీఆర్‌ఈలో లెక్కల భాగం, 170కి) 165 దాటి వస్తే మాత్రం తప్పకుండా పంపండి, అక్కడ ఆ ఒక్క అంకె మీ తరఫున మాట్లాడుతుంది.

ఆ తర్వాత చూడాల్సింది, స్కోరు ఏ రూపంలో అడుగుతున్నారనేది. ఇప్పుడు చాలాచోట్ల అప్లై చేసేటప్పుడు మన స్కోరు మనమే ఫారంలో టైప్ చేసి, స్కోర్ రిపోర్టు పీడీఎఫ్ అప్‌లోడ్ చేస్తే చాలు, సీటు వచ్చాకే అఫీషియల్ స్కోరు అడుగుతారు. కొన్నిచోట్ల మాత్రం గడువులోపలే అఫీషియల్ స్కోరు చేరాలి, చేరకపోతే ఫైలు రివ్యూకే వెళ్ళదు. అఫీషియల్ అంటే పరీక్ష పెట్టిన సంస్థ నుంచి నేరుగా యూనివర్సిటీకి వెళ్ళేది. జీఆర్‌ఈ, టోఫెల్ రెండూ ఈటీఎస్ వాళ్ళవి కాబట్టి ఈటీఎస్ నుంచి వెళ్ళాలి. మీరు డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్‌ను మెయిల్లో పంపినా, కలర్ ప్రింట్ తీసి కొరియర్ చేసినా అది అఫీషియల్ కాదు.

ఈ వివరాలన్నీ ఒక షీట్లో రాసుకోండి. యూనివర్సిటీ పేరు, కోర్సు, జీఆర్‌ఈ కావాలా, అఫీషియల్ ఎప్పుడు కావాలి, ఇంగ్లిష్ పరీక్షలో కనీసం ఎంత రావాలి, స్కోరు పంపడానికి ఈటీఎస్ లిస్టులో ఆ యూనివర్సిటీకి ఉన్న కోడ్, గడువు. ఎనిమిది పది యూనివర్సిటీలకు అప్లై చేసేటప్పుడు ఇవి గుర్తుండవు, షీట్ లేకపోతే ఒకదాని గడువు ఇంకోదానికి అంటగడతారు.

పేరు దగ్గరే సగం చిక్కులు

ఇది మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి కాబట్టి కాస్త ఓపికగా చదవండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, ఇంటర్ మెమోలో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివర ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటుంది. మనూళ్ళో ఇవన్నీ ఒక మనిషివే అని ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. అమెరికాలో యూనివర్సిటీ కంప్యూటర్‌కు తెలియదు. అది ఈటీఎస్ నుంచి వచ్చిన స్కోరులోని పేరు, పుట్టిన తేదీ, మెయిల్ చూసి, అప్లికేషన్‌లో ఉన్నవాటితో పోల్చి, కలిస్తేనే మీ ఫైల్లో వేస్తుంది. కలవకపోతే ఆ స్కోరు ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది, యూనివర్సిటీ వెబ్‌సైట్లో మీ అప్లికేషన్ పేజీ, అంటే పోర్టల్‌లో మాత్రం "ఇంకా రాలేదు" అనే కనిపిస్తుంది. నాకు తెలిసిన చాలా కేసుల్లో స్కోరు పోలేదు, అక్కడే ఉంది, పేరు కలవక మీ ఫైలుకు చేరలేదు, అంతే.

అందుకని నియమం ఒక్కటే: పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో, ఏది సర్‌నేమ్ గళ్ళో ఉందో, ఏది గివెన్ నేమ్ గళ్ళో ఉందో, అక్షరం మారకుండా అలాగే ఈటీఎస్ అకౌంట్లో, ఐఈఎల్‌టీఎస్ (ఇంకో ఇంగ్లిష్ పరీక్ష) రిజిస్ట్రేషన్లో, యూనివర్సిటీ అప్లికేషన్లో ఇవ్వాలి. పరీక్ష సెంటర్లో కూడా పాస్‌పోర్ట్ లాంటి ఒరిజినల్ గుర్తింపు పత్రం చూసే లోపలికి పంపుతారు. వెంకట సాయి అని రెండు ముక్కలుగా ఉంటే రెండు ముక్కలుగానే, వెంకటసాయి అని కలిపి ఉంటే కలిపే. చౌదరి, రెడ్డి, నాయుడు లాంటివి పాస్‌పోర్ట్‌లో ఉంటేనే రాయండి, ఇంట్లో పిలుస్తారని కలపొద్దు.

పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉన్నవాళ్ళు మన జిల్లాలో చాలామంది. దీంతో పరీక్ష రిజిస్ట్రేషన్ దగ్గర మొదలైన ఇబ్బంది వీసా దాకా వెంట వస్తుంది. అమెరికా వీసాలో ఆ ఉన్న పేరంతా సర్‌నేమ్ చోట వేసి, ముందు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు, అంటే ముందు పేరు తెలియదని. ఇంకా పరీక్షకు రిజిస్టర్ చేసుకోకపోతే, టైం కూడా ఉంటే, ముందు పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడిగా పెట్టించి రీఇష్యూ తీసుకోవడం అన్నిటికంటే మేలు. తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, దీనికోసం దూరం పోనక్కర్లేదు. టైం లేకపోతే ఈటీఎస్‌లో ఏ పద్ధతిలో ఇచ్చారో అప్లికేషన్‌లో కూడా అదే పద్ధతిలో ఇచ్చి, అడ్మిషన్ ఆఫీసుకు పాస్‌పోర్ట్ కాపీ జతచేసి ఒక మెయిల్ పెట్టండి.

మెయిల్ ఐడీ కూడా అంతే. కాలేజీ ఇచ్చిన ఐడీ వద్దు, పాసవుట్ అయ్యాక కొన్ని కాలేజీలు దాన్ని తీసేస్తాయి. మీ సొంత ఐడీ ఒకటి పెట్టుకుని, ఈటీఎస్‌కూ అప్లికేషన్లకూ వీసాకూ అదే వాడండి. కన్సల్టెన్సీ వాళ్ళు వాళ్ళ ఆఫీసు మెయిల్‌తో మీ అకౌంట్ తెరుస్తామంటే ఒప్పుకోకండి. వాళ్ళు మంచివాళ్ళా కాదా అన్న ప్రశ్న కాదిది. ఒక్కో కౌన్సెలర్ చేతిలో వందమంది ఫైళ్ళుంటాయి, మీకొచ్చిన ఒక్క ముఖ్యమైన మెయిల్ ఆ గుంపులో కలిసిపోతుంది. ఆ కౌన్సెలర్ ఉద్యోగం మానేసి పోతే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. సలహా తీసుకోండి, ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం) చూపించండి, అప్లికేషన్ నింపేటప్పుడు పక్కన కూర్చోమనండి, కానీ పాస్‌వర్డ్ మాత్రం మీ దగ్గరే ఉండాలి.

జీఆర్‌ఈ రోజు ఆ నాలుగు పేర్లు

2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈ చిన్నదైంది, గంటా 58 నిమిషాల్లో అయిపోతుంది. చివర్లో స్క్రీన్ మీద, స్కోరు ఉంచుకుంటారా, క్యాన్సిల్ చేస్తారా అని అడుగుతుంది. పరీక్ష సరిగ్గా రాయలేదని భయపడి క్యాన్సిల్ నొక్కకండి. క్యాన్సిల్ చేస్తే స్కోరు ఎంతో కూడా కనిపించదు. ఉంచుకుంటే వెర్బల్ (ఇంగ్లిష్ భాగం), క్వాంట్ స్కోర్లు అప్పుడే కనిపిస్తాయి, తక్కువొచ్చినా మీరు పంపితే తప్ప ఏ యూనివర్సిటీకీ తెలియదు. స్కోర్‌సెలెక్ట్ అనే వెసులుబాటు ఉన్నది ఇందుకే: రెండు మూడుసార్లు రాస్తే అందులో ఏ తేదీ పరీక్ష స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు, మిగతావి రాసినట్టు కూడా ఆ రిపోర్టులో ఉండదు. ఒకసారి వెర్బల్ బాగా వచ్చి, ఇంకోసారి క్వాంట్ బాగా వస్తే రెండింటిలోనూ మంచివి కలిపి పంపడం మాత్రం కుదరదు, ఒక తేదీ అంటే ఆ పరీక్ష మొత్తం వెళ్తుంది.

స్కోరు కనిపించాక, నాలుగు చోట్లకు ఉచితంగా పంపుకోమని అడుగుతుంది. ఈ నాలుగూ మీరు కట్టిన ఫీజులోవే. అప్పుడు వదిలేస్తే పోయినట్టే, తర్వాత ఒక్కో యూనివర్సిటీకి విడిగా డబ్బు కట్టాలి. మన ఇళ్ళల్లో అది చిన్న డబ్బు కాదు. హాల్లోకి కాగితం తీసుకెళ్ళనివ్వరు కాబట్టి, ఏ నాలుగు యూనివర్సిటీలు, అవి ఏ రాష్ట్రంలో ఉన్నాయి, ఏ క్యాంపస్ అన్నది ముందురోజే బాగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడొక చిన్న తెలివి వాడాలి. అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్ చాలనే యూనివర్సిటీలకు ఈ ఉచిత రిపోర్టులు వాడకండి. గడువులోపలే అఫీషియల్ కావాలనే వాటికే వాడండి.

క్యాంపస్ విషయంలో జాగ్రత్త. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ అని వెతికితే ఆస్టిన్, డాలస్, ఆర్లింగ్టన్, ఇంకా కొన్ని వరసగా వస్తాయి. దేని కోడ్ దానిదే, డాలస్‌ది 6897, ఆర్లింగ్టన్‌ది 6013. ఒకదానికి పంపితే ఇంకోదానికి వెళ్ళదు, పొరపాటున పంపిన స్కోరును వెనక్కి తెప్పించుకోలేరు. కొన్ని యూనివర్సిటీల్లో బిజినెస్ స్కూల్‌కు విడిగా కోడ్ ఉంటుంది, దాన్ని గ్రాడ్యుయేట్ స్కూల్ కోడ్‌తో కలిపేసుకోకండి. కోడ్‌ను ఎప్పుడూ కోర్సు పేజీలో చూసి, ఈటీఎస్ లిస్టులో ఇంకోసారి సరిచూసుకోవాలి. డిపార్ట్‌మెంట్ కోడ్ కూడా అడుగుతుంది. పేజీలో ఏదైనా ఇచ్చి ఉంటే అదే వేయండి, ఇవ్వకపోతే మీ సబ్జెక్టుకు దగ్గరది వేస్తే సరిపోతుంది. చాలా యూనివర్సిటీలు దాన్ని పట్టించుకోవు, వాళ్ళకు నాలుగంకెల యూనివర్సిటీ కోడే ముఖ్యం.

రైటింగ్ స్కోరుతో కలిపి పూర్తి రిపోర్టు మీ అకౌంట్లోకి రావడానికి 8 నుంచి 10 రోజులు పడుతుంది. అప్లికేషన్ ఫారంలో స్కోర్లు టైప్ చేసేటప్పుడు ఆ రిపోర్టు పక్కన పెట్టుకుని అందులో ఉన్న అంకెలు, పర్సెంటైల్, పరీక్ష తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు యథాతథంగా ఎక్కించండి. ఒక్క అంకె ఎక్కువ పడినా, తర్వాత అఫీషియల్ స్కోరుతో పోల్చినప్పుడు కావాలని చేసినట్టు కనిపిస్తుంది, ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు వాళ్ళకుంది.

టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, మిగతావి

టోఫెల్‌లోనూ నాలుగు ఉచితమే కానీ పద్ధతి వేరు, అక్కడే పిల్లలు దెబ్బతింటున్నారు. జీఆర్‌ఈలాగా స్కోరు చూశాక ఎంచుకోవచ్చులే అనుకుంటారు. టోఫెల్‌లో పరీక్షకు ముందే, మీ అకౌంట్లోనే ఆ నాలుగు పేర్లు ఎంచుకోవాలి. పరీక్ష అయిపోయాక ప్రతిదానికీ డబ్బే. స్కోరు ఎంతొస్తుందో తెలియకుండా ఎలా పంపాలి అని భయపడకండి. ఇంగ్లిష్ పరీక్షలో యూనివర్సిటీలు ప్రధానంగా చూసేది కనీస మార్కు దాటారా లేదా అని. దాటకపోతే మళ్ళీ రాసి పంపుతారు, అంతకుమించి నష్టం లేదు. 2026 జనవరి 21 నుంచి టోఫెల్ స్కోరు 1 నుంచి 6 దాకా ఉండే కొత్త స్కేలుకు మారింది, పాత 120 లెక్కలో అది ఎంతకు సమానమో కూడా రిపోర్టులో ఇస్తారు. కోర్సు పేజీలో ఇంకా 80 అనో 90 అనో పాత లెక్కే ఉంటే కంగారుపడొద్దు, రిపోర్టులో ఆ పాత లెక్క అంకె చూసుకుంటే చాలు.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళు ముందు అకడమిక్ అని రిజిస్టర్ చేసుకున్నారో లేదో చూసుకోండి, జనరల్ ట్రైనింగ్ అయితే ఎంఎస్‌కి పనికిరాదు. దీనికి ఈటీఎస్‌లాగా నాలుగంకెల కోడ్ ఉండదు, యూనివర్సిటీ పేరు వెతికి ఎంచుకోవడమే. ఐదు చోట్లకు ఉచితంగా పంపుతారు. కొన్ని యూనివర్సిటీలు టీఆర్‌ఎఫ్ (ఐఈఎల్‌టీఎస్ స్కోరు పత్రం) నంబరు ఇస్తే వాళ్ళే ఆన్‌లైన్లో సరిచూసుకుంటాయి, కొన్ని మాత్రం పరీక్ష సెంటర్ నుంచి ఎలక్ట్రానిక్‌గా రావాలంటాయి, కాగితం ఒప్పుకోవు. పేజీలో ఈ ముక్క వెతికి చదవండి. మొత్తం 6.5 వచ్చినా రైటింగ్‌లో 5.5 వస్తే ఆగిపోయేవాళ్ళు మనలో ఎక్కువ, ఎందుకంటే చాలాచోట్ల ఒక్కో విభాగానికీ విడిగా కనీసం ఉంటుంది. ఒక్క విభాగమే మళ్ళీ రాసే అవకాశం ఇండియాలో ఉంది, మొదటి పరీక్ష తర్వాత 60 రోజుల్లోపు రాయాలి. కానీ అలా వచ్చిన రిపోర్టును మీ యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో ముందు అడిగి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

డ్యుయోలింగో, పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షలు తీసుకున్నవాళ్ళకు పంపడం సులువు. ఎన్ని యూనివర్సిటీలకైనా అకౌంట్లోంచే ఉచితంగా పంపొచ్చు, ఫలితం కూడా మామూలుగా రెండు రోజుల్లో వస్తుంది. డ్యుయోలింగో చవక, ఇంట్లోనే రాయొచ్చు. అయితే అన్ని కోర్సులూ దాన్ని ఒప్పుకోవు, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పాఠాలకు సాయం చేసే పార్ట్‌టైం పని) ఆశించేవాళ్ళు అయితే స్పీకింగ్‌కు విడిగా నియమం ఏమైనా ఉందేమో చూడాలి.

ఇంట్లో రాసే పరీక్షల గురించి ఒక మాట. జీఆర్‌ఈ, టోఫెల్ కూడా ఇంటి నుంచి రాయొచ్చు, కానీ గదిలో మీరు తప్ప ఇంకెవరూ ఉండకూడదు, మధ్యలో నెట్ పోయినా, అమ్మ తలుపు తీసి పిలిచినా పరీక్ష చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. హాస్టల్లో, నలుగురుండే రూములో ఉన్నవాళ్ళు సెంటర్‌కు వెళ్ళడమే మంచిది. మన వైపు నుంచి ఎక్కువమంది చెన్నైకో బెంగళూరుకో వెళ్తారు. పెరటాసి శనివారాలు, బ్రహ్మోత్సవాలు సరిగ్గా ఈ పరీక్షల సీజన్లోనే వస్తాయి, ఆ రోజుల్లో తిరుపతి నుంచి చెన్నై రైల్లో గానీ బస్సులో గానీ సీటు దొరకడం కష్టం. స్లాట్ బుక్ చేసుకున్న రోజే టికెట్ కూడా చేసుకోండి, వీలైతే ముందురోజు సాయంత్రానికే అక్కడికి చేరుకోండి.

తేదీల లెక్క వెనక నుంచి వేయండి

ఫాల్ ఇన్‌టేక్‌కు (ఆగస్టు, సెప్టెంబరులో మొదలయ్యే బ్యాచ్) చాలా మంచి కోర్సుల గడువు డిసెంబరు 1, డిసెంబరు 15, జనవరి 15 ఇలా ఉంటుంది. డిసెంబరు 15 అనుకుందాం. యూనివర్సిటీకి స్కోరు చేరి, దాన్ని మీ ఫైల్లో కలపడానికి రెండు వారాలు వదిలేయండి, డిసెంబరు 1 అయింది. తర్వాత డబ్బు కట్టి అదనపు రిపోర్టులు పంపాలంటే వాటికో వారం, నవంబరు 23, 24 అయింది. పరీక్ష అయ్యాక రిపోర్టు రావడానికి పది రోజులు, అంటే నవంబరు రెండో వారానికల్లా మీ చివరి పరీక్ష అయిపోవాలి. జీఆర్‌ఈ మళ్ళీ రాయాలంటే మధ్యలో 21 రోజులు ఆగాలి, ఏడాదిలో ఐదుసార్ల కంటే ఎక్కువ రాయలేరు. ఈ లెక్కన, కాస్త వెసులుబాటు కూడా ఉంచుకుంటే, మొదటిసారి అక్టోబరు మొదటి వారానికైనా రాసేయాలి. సెప్టెంబరులో రాయగలిగితే ఇంకా మంచిది, మిగిలిన టైం ఎస్‌ఓపీకి, రికమెండేషన్ లెటర్లకు దొరుకుతుంది.

గడువు అంటే ఏమిటో కూడా చదవండి. అప్లికేషన్ మాత్రమే ఆ రోజుకు సబ్మిట్ చేయాలా, స్కోర్లు కూడా ఆ రోజుకు వాళ్ళ చేతికి అందాలా అన్నది వేరువేరు. స్పష్టంగా లేకపోతే రెండోదే అనుకుని పని చేయండి. టైం కూడా అమెరికా టైమే. డిసెంబరు 15 రాత్రి 11:59 న్యూయార్క్ టైం అంటే మనకు 16 ఉదయం 10:29, కాలిఫోర్నియా టైం అయితే మధ్యాహ్నం 1:29. ఇది తెలిస్తే చివరి నిమిషంలో గుండె దడ తగ్గుతుంది, అంతేగానీ దాన్ని నమ్ముకుని చివరి రోజు దాకా ఆగకండి. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా చాలా ఆఫీసులు మూసే ఉంటాయి. ఆ రోజుల్లో మెయిల్ పెట్టి జవాబు రాలేదని ఏడవకండి, ఎవరూ సీట్లో ఉండరు.

ఇంకొకటి, కార్డు. ఈటీఎస్‌కు కట్టే డబ్బు విదేశీ పేమెంట్‌గా పోవచ్చు. నాయన డెబిట్ కార్డు మీద చాలాసార్లు విదేశీ పేమెంట్లు ఆఫ్‌లో ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆన్ చేసి, లిమిట్ పెంచుకోవాలి. కొన్ని కార్డులకు ఆ సదుపాయమే ఉండదు. గడువుకు రెండు రోజుల ముందు తెలిసే విషయం కాకూడదిది, రిజిస్ట్రేషన్ రోజే సరిచూసుకోండి. అలాంటప్పుడు బ్యాంకు వాళ్ళు మారకం ఖర్చు, పన్ను కలిపి కొంత ఎక్కువే తీసుకుంటారు, అకౌంట్లో సరిగ్గా లెక్కకు సరిపడా కాకుండా కొంచెం మిగులు ఉంచండి. కార్డు ఎవరిదైనా పర్వాలేదు, పరీక్ష అకౌంట్లో పేరు మాత్రం మీదే ఉండాలి.

పంపాక

పంపేశాం అని వదిలేయకండి, అసలు చూసుకోవాల్సింది ఇప్పుడే. ఆర్డర్ పెట్టగానే ఈటీఎస్ నుంచి వచ్చే కన్ఫర్మేషన్ మెయిల్, అకౌంట్లో ఏ తేదీ స్కోరు ఎక్కడికి పంపారో చూపించే పేజీ, రెండూ పీడీఎఫ్ చేసి దాచుకోండి. తర్వాత వారానికి రెండుసార్లు ప్రతి యూనివర్సిటీ పోర్టల్ తెరిచి, చెక్‌లిస్టులో జీఆర్‌ఈ పక్కన, ఇంగ్లిష్ పరీక్ష పక్కన ఏముందో చూడండి. ఈటీఎస్‌లో పంపినట్టు చూపించినంత మాత్రాన యూనివర్సిటీలో చేరినట్టు కాదు.

పంపి రెండు వారాలైనా పోర్టల్‌లో రాకపోతే ఒక మెయిల్ పెట్టండి, ఫోన్ కంటే మెయిలే మేలు, రాతపూర్వకంగా ఉంటుంది. అందులో పెద్ద కథ అక్కర్లేదు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు పూర్తి పేరు, పుట్టిన తేదీ, అప్లికేషన్ నంబరు, కోర్సు, ఏ ఇన్‌టేక్, ఏ పరీక్ష, ఆ పరీక్ష తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, స్కోరు ఏ రోజు ఏ కోడ్‌కు పంపారు, ఇవి రాసి స్కోర్ రిపోర్టు పీడీఎఫ్, ఈటీఎస్ కన్ఫర్మేషన్ జతచేయండి. పేరులో తేడా ఉందని మీకు ముందే అనుమానం ఉంటే ఆ ముక్క మొదట్లోనే చెప్పండి, వాళ్ళు వెతకాల్సిన చోటు తెలుస్తుంది. గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్ ఆఫీసుకు రాసి, డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్‌ను కాపీలో పెట్టండి. పుట్టిన తేదీ రాసేటప్పుడు నెలను అక్షరాల్లో రాయండి, ఎందుకంటే మనం 05/08 అంటే ఆగస్టు 5, వాళ్ళకది మే 8. రోజూ మెయిల్ మీద మెయిల్ పెట్టొద్దు, ఐదు పనిదినాలు ఆగి, జవాబు రాకపోతే అదే మెయిల్‌కు కింద మళ్ళీ రాయండి. దొరికిందని వాళ్ళు చెప్పినా, పోర్టల్‌లో టిక్ పడేదాకా చూస్తూనే ఉండండి.

తిరుపతిలో గానీ ఇంకెక్కడ గానీ ఎవరైనా "మీ బదులు మేం రాయిస్తాం, స్కోరు గ్యారంటీ" అంటే ఆ మెట్లు దిగి వచ్చేయండి. ఫోటో, గొంతు లాంటివి రికార్డవుతాయి. స్కోరు పంపిన తర్వాత కూడా రద్దు చేస్తారు, యూనివర్సిటీకి కూడా తెలియజేస్తారు. అడ్మిషన్ పోతుంది, వీసా పోతుంది, అమ్మానాన్నలు తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. జీఆర్‌ఈలో 340కి 300 వచ్చినా అది మీ సొంత 300 అయితే దానికి సరిపోయే మంచి కోర్సులు దొరుకుతాయి.

ఇంటర్ తర్వాతే వెళ్ళేవాళ్ళకు

బీటెక్‌కే అమెరికా పంపుదామనుకునే ఇళ్ళు ఇప్పుడు తిరుపతిలోనూ పెరిగాయి కాబట్టి డిగ్రీ అడ్మిషన్ కోసం రాసే శాట్ పరీక్ష గురించి క్లుప్తంగా చెప్తాను. రిజిస్ట్రేషన్ అప్పటి నుంచి పరీక్ష అయిన తొమ్మిది రోజుల దాకా నాలుగు చోట్లకు ఉచితంగా పంపుకోవచ్చు, ఆ తర్వాత డబ్బు. చాలా యూనివర్సిటీలు మొదట మీరు టైప్ చేసిన స్కోరునే తీసుకుని, చేరేటప్పుడు అఫీషియల్ అడుగుతాయి. కోవిడ్ తర్వాత శాట్ అక్కర్లేదు అన్న మాట విని ధీమాగా ఉండకండి. ఎంఐటీ 2022లోనే మళ్ళీ తప్పనిసరి చేసింది, 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ కూడా మళ్ళీ పెడుతున్నట్టు ప్రకటించాయి. దీనికి పూర్తిగా తిరగేసి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు సీటు ఇవ్వడానికి శాట్‌ను అసలు చూడవు. అందుకే మళ్ళీ చెప్తున్నా, ప్రతి యూనివర్సిటీ పేజీ విడిగా చదవాల్సిందే.

సీటు వచ్చాక

అడ్మిషన్ లెటర్లో చిన్న అక్షరాల్లో "ఫలానా తేదీలోపు అఫీషియల్ స్కోర్లు, ట్రాన్‌స్క్రిప్టులు (కాలేజీ మార్కుల పత్రాలు) చేరాలి" అని ఉంటుంది. అప్పటిదాకా పీడీఎఫ్‌తో నెట్టుకొచ్చిన యూనివర్సిటీకి ఇప్పుడు ఈటీఎస్ నుంచి పంపాలి. చేరబోయే ఒక్కదానికే పంపండి, వచ్చిన అన్నిటికీ అక్కర్లేదు. పంపకపోతే కొన్నిచోట్ల మీ రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెడతారు, సబ్జెక్టులు తీసుకోనివ్వరు. స్కోర్ రిపోర్టు ప్రింట్లు రెండు తీసి ఫైల్లో పెట్టుకోండి, లోన్ కోసం బ్యాంకులో అడగొచ్చు, హైదరాబాద్‌లో గానీ చెన్నైలో గానీ వీసా ఇంటర్వ్యూలో స్కోరు ఎంతని అడగొచ్చు.

ఈ ఏడు కుదరక వచ్చే ఏటికి వాయిదా వేసుకునేవాళ్ళు స్కోరు ఎప్పటిదాకా చెల్లుతుందో చూసుకోండి. జీఆర్‌ఈ ఐదేళ్ళు చెల్లుతుంది, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, పీటీఈ, డ్యుయోలింగో అన్నీ రెండేళ్ళే. మూడో సంవత్సరంలోనే ఇంగ్లిష్ పరీక్ష రాసేసి, ఉద్యోగంలో చేరి, రెండేళ్ళ తర్వాత అప్లై చేసేవాళ్ళ టోఫెల్ అప్పటికి ఈటీఎస్ అకౌంట్లోంచి పంపడానికే వీలుండదు. ఉద్యోగం చేసి వెళ్దాం అనుకునేవాళ్ళు జీఆర్‌ఈ ఇప్పుడు రాసి పెట్టుకోండి, ఇంగ్లిష్ పరీక్ష అప్లై చేసే ఏడాది ఆగస్టులోనో సెప్టెంబరులోనో రాయండి.